తండ్రి యను మాటలో ఎందరు తండ్రులు?

బిడ్డ నోట మొదట పలుకు మాటలు రెండు. ఒకటి అమ్మ, రెండవది అయ్య. అమ్మ యెవరో బిడ్డకు ఒకరు చెప్పనక్కరలేదు. పాలతోడనే ఆ యెరుక కలుగును. అయ్య యెవరో మాత్రము ఒకరు చూపి చెప్పవలయును. "అడుగో, అయ్య" అని తల్లి వ్రేలు చూపినప్పుడే బిడ్డకు తండ్రి యేర్పడును. కావున తండ్రి యను మాట కేవలము రక్తముచేత నిలుచునది కాదు. ఒకరు చూపగా, ఇంకొకరు ఒప్పుకొనగా, నిత్యము ఆ బరువును మోయగా నిలుచునది. ఈ మర్మము తెలియక ఎన్ని యిండ్లలో ఎందరి మనసులు నొచ్చుచున్నవో! అట్టి యొక యింటి ముచ్చటను ముందుంచుకొని, మన భాషలో తండ్రిని తెలుపు మాటల పుట్టుక యెట్టిదో, వాని హద్దులను బసవాది శరణులు ఎంత దూరము జరిపిరో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. పేర్లతో పని లేదు. ఇట్టిది ఏ యింటనైనను జరుగవచ్చును.

భాగ్యనగరమునకు తూర్పున, విజయవాడకు పోవు పెద్ద రహదారి మీద, అందరును ఎల్.బి. నగర్ అని పిలుచు లాల్ బహదూర్ నగరము కలదు. అచ్చట ఒక లింగాయత కుటుంబము నివసించుచున్నది. ఇంటి యిల్లాలి స్వస్థలము జహీరాబాదు ప్రాంతము. ఆమె మొదటి భర్త చిన్న వయసుననే లింగైక్యుడయ్యెను. అప్పటికి కూతురు ఆరేండ్ల పిల్ల. తల్లి బ్రతుకుతెరువు కొరకు నగరమునకు వచ్చి, రెండేండ్లు కుట్టుపని చేసి బిడ్డను సాకెను. పిమ్మట పెద్దల సమ్మతితో, జంగమయ్య సన్నిధిని, స్వమతస్థుడైన ఒకనిని మారుమనువాడెను. అతడు ఆటోనగరులో లారీలు బాగుచేయు మేస్త్రీ. పిల్ల చనిపోయిన తండ్రిని నాయిన యనియు, ఈయనను బాపు అనియు పిలుచుచు పెరిగెను. బాపు ఆ పిల్లను తన బండిమీద బడికి దింపెను. జ్వరము వచ్చినప్పుడు రాత్రులు మేల్కొనెను. దిల్‌సుఖ్‌నగరులోని కోచింగు సెంటరుకు రుసుము కట్టుటకై ఆదివారములందును పనికి పోయెను. పిల్ల చదివి ఉపాధ్యాయురాలయ్యెను. తాండూరు వైపు వారి సంబంధము కుదిరెను.

పెండ్లి పత్రిక అచ్చు వేయించు తరుణమున చిక్కు వచ్చినది. చనిపోయినవాని యన్న, అనగా పిల్లకు పెదనాయిన, జహీరాబాదు నుండి వచ్చెను. "నా తమ్ముని బిడ్డ. మా యింటి పేరు. పత్రిక మీద ఆహ్వానించేటోళ్ల తావుల నా పేరే ఉండాలె. ఎదుర్కోలు కాడ వియ్యంకునికి గంధం పూసి కౌగిలించేది నేనే" అని ఆయన పట్టుబట్టెను. ఆయన దుష్టుడు కాడు. తమ్ముని మీది ప్రేమయే ఆయనచేత అట్లు పలికించెను. బాపు ఎదురాడలేదు. "సరే అన్నా, నీ మాటనే కానియ్యి" అని, దిల్‌సుఖ్‌నగరు ముద్రణాలయము వారిచ్చిన నమూనా కాగితముమీద తన పేరును తానే కలముతో కొట్టివేసెను. సాయంకాలము పిల్ల ఆ కాగితమును చూచెను. "బాపు పేరు లేని పత్రిక నేను ఎవ్వరికీ పంచ" అని లోపలి గదిలోనికి పోయెను. మూడు దినములు ఇంట మాటలు లేవు. తల్లి ఎవరి పక్షమును చెప్పలేక, వంటయింటి గడప దాటలేదు.

నాలుగవ దినము సోమవారము. గురుపూజకు ఒక వృద్ధ జంగమయ్య ఆ యింటికి వేంచేసెను. పాదపూజ, లింగపూజ, ప్రసాదము ముగిసినవి. పెదనాయిన అయ్యవారి దాపున చాపమీద కూర్చుండెను. తన సొంత యింటిలో బాపు మాత్రము వాకిలి గడప దగ్గర ఒదిగి కూర్చుండెను. అయ్యవారు అది గమనించి, సంగతి యడిగి తెలిసికొనిరి. పిమ్మట పెదనాయిన వైపు తిరిగిరి.

"అప్పా! నీ తల్లికి చెల్లెండ్రు కలరా?"

"ఉన్నరు అయ్యగారూ. ఒక చిన్నమ్మ."

"ఆ చిన్నమ్మ భర్తను నీవేమని పిలిచితివి?"

"చిన్నాయిన అని."

"ఆయన మీ వంశమువాడా? నీకును ఆయనకును రక్తసంబంధ మేమైన కలదా?"

"లేదయ్యా. చిన్నమ్మ పెనిమిటి గద, అందుకని చిన్నాయిన."

"చిన్నమ్మ పెనిమిటి చిన్నాయిన యైనప్పుడు, అమ్మ పెనిమిటి ఏమగును?"

పెదనాయిన తల వంచుకొనెను. లోపలి గది తలుపు కొంచెము తెరచుకొనెను. అయ్యవారు కోపముతో అడిగిన ప్రశ్న కాదది. మన భాషయే అడుగు ప్రశ్న. తెలుగువారు తండ్రి సోదరులను పెదతండ్రి, పినతండ్రి యందురు. తల్లి సోదరీమణుల భర్తలను సైతము ఆ మాటలతోనే పిలుతురు. పెద్ద, పిన్న యను విశేషణములు మాత్రమే ముందు చేరినవి. తండ్రి యను మాట ఒక్కటే. ఆంగ్లమువంటి భాషలలో వీరందరికిని వేరొక మాట యున్నది. దానిలో తండ్రి యను మాట లేదు. మన పూర్వులు మాత్రము బిడ్డ చుట్టు ఒక్క తండ్రిని గాక తండ్రుల వరుసనే నిలిపిరి. ఒకడు పడిపోయినను బిడ్డ పడిపోరాదని వారి భావము.

అయ్యవారు ఇంకను ఇట్లు వివరించిరి.

తండ్రి యను మాటనే చూడుడు. దీనిని కన్నడమున తందె యందురు, తమిళమున తందై యందురు. ప్రాచీన తమిళమున ఈ మాటకు మూడు రూపములుండెను. ఎందై యనగా మా తండ్రి. నుందై యనగా మీ తండ్రి. తందై యనగా తమ తండ్రి. కాలక్రమమున మొదటి రెండును వాడుకలో వెనుకబడగా, మూడవదియే తండ్రికి సామాన్య నామమై నిలిచినది. అనగా తండ్రి యను మాట తొలి యక్షరములోనే తమ యనునది దాగియున్నది. "నా తండ్రి, నీకు కాడు" అను మాట నిలువలేదు. తమ అను మాట నిలిచినది. తమ్ముడు అను మాటలోను, తమిళులు తంబి యను మాటలోను ఉన్నది ఈ తమ యనునదే. తండ్రియు, తమ్ముడును ఒకే మొదటి యక్షరముతో కట్టబడిన బంధువులు.

ఇక అయ్య. ఈ మాట తెలుగు, కన్నడ, తమిళములందు అంతటను కలదు. ఇది దేశ్యమని కొందరు, ఆర్య శబ్దమునకు వికృతి యని కొందరు చెప్పుదురు. ఏదియైనను అర్థము పూజ్యుడు, పెద్ద అనునదే. తెలంగాణమున కన్నవానిని అయ్య యందురు. ఇతర ప్రాంతములందు బడిలో చదువు చెప్పువానిని అయ్యవారు అందురు. మన యిండ్లలో జంగమమూర్తిని అయ్యగారు అందురు. జన్మమిచ్చుట, అక్షరమిచ్చుట, లింగమిచ్చుట యను మూడు పనులు చేయువారు మువ్వురు. వారికి మాట ఒక్కటి. మువ్వురును ఒకే బరువును పంచుకొని మోయుచున్నారనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

అప్ప యను మాట ఇంకను విచిత్రమైనది. కన్నడిగులకు అప్ప యనగా తండ్రి. ఉత్తరాంధ్రమున అప్ప యనగా తోడబుట్టిన అక్క. మన ప్రాంతమున పురుషుల పేర్ల చివర గౌరవముగా చేరును. కలబురగి శరణబసవేశ్వర సంస్థానమున పీఠాధిపతిని భక్తులు అప్ప యనియే పిలుతురు. ఆడుదానికిని, మగవానికిని, మఠాధిపతికిని చెల్లిన ఈ మాటలో ఉమ్మడిగా నున్న దేమి? మనకంటె ముందు నిలిచి మనలను కాపాడువారు అనునదే.

"పిల్ల ఈయనను ఏమని పిలుచును?" అని అయ్యవారు గడప వైపు చూచి అడిగిరి. "బాపు అని" అని తల్లి లోపలినుండి చెప్పెను. "మంచి మాట, పాత మాట" అనిరి అయ్యవారు. మరాఠీ, హిందీ మొదలగు భాషలలోని బాప్ ఈ మాటకు చుట్టము. వేంగిని పాలించిన శాలంకాయనులు, పల్లవులు వ్రాయించిన తామ్రశాసనములలో రాజులు తమను బప్ప భట్టారకుని పాదభక్తులమని చెప్పుకొనిరి. బప్ప యనగా తండ్రి. పదునైదు వందల యేండ్లకు పూర్వము రాజులు తలవంచి పలికిన మాటకు చుట్టమైన మాటతోనే, ఆటోనగరులో లారీలు బాగుచేయు మేస్త్రీని ఒక బిడ్డ పిలుచుచున్నది. "ఈ మాటకు ఏమి తక్కువైనదప్పా?" అని వారు అడిగిరి.

లోకులు తల్లి రెండవ భర్తను సవతి తండ్రి యందురు. ఈ మాట వినుటకే కాదు, పుట్టుకచేతను సరియైనది కాదు. సవతి యనునది సంస్కృతమున సపత్ని యను మాట నుండి వచ్చినది. ఒకే భర్తకు భార్యలైన స్త్రీలకు చెల్లునది. దానిలో పోటీ యున్నది, అసూయ యున్నది. పురుషునికి ఆ మాటను అంటగట్టుట భాషకే పొసగదు. మారుతండ్రి యనుట మేలు. మారు అనగా బదులు. ఒకరి బదులు నిలుచుట దొంగతనము కాదు, సేవ. ఒక కూలి జ్వరపడినచో తోటికూలి వాని బదులు నాగలి పట్టును. పొలమును కాజేయుటకు పట్టడు. పదును పోకుండుటకు పట్టును.

సంస్కృత నీతిశాస్త్రమున ఐదుగురు తండ్రులు చెప్పబడిరి. కన్నవాడు, ఉపనయనము చేసినవాడు, విద్య నేర్పినవాడు, అన్నము పెట్టినవాడు, భయమునుండి కాచినవాడు. ఐదుగురిలో కన్నవాడు ఒక్కడే. తక్కిన నలుగురిని తండ్రులుగా జేసినది వారి పనియే.

ఇది లోకరీతి. శరణులు ఇంతకంటె ముందుకు పోయిరి. 12వ శతాబ్దిలో బసవన్న బాగేవాడి అగ్రహారమున బ్రాహ్మణ గృహమున జన్మించెను. కన్నతండ్రి మాదరసు. ఉపనయనమును నిరాకరించి, అక్క నాగమ్మ తోడు నీడగా ఆ యిల్లు విడిచెను. తరువాత కళ్యాణమున బిజ్జలుని యాస్థానమున దండనాయకుడయ్యెను. అంతటివాడు తన వచనమొకదానియందు, తన తండ్రులెవరో చెప్పుకొనెను. అందు కన్నవాని పేరు లేదు. అప్ప యను మాటను మాదార చెన్నయ్యకు సమర్పించెను. కన్నడమున తండ్రికే మరియొక పేరగు బొప్ప యను మాటను డోహర కక్కయ్యకు సమర్పించెను. అయ్య యను మాటను, అన్న యను మాటను ఇతర శరణులకు పంచియిచ్చెను. చెన్నయ్య లోకము దూరముంచిన కులమువాడు. కక్కయ్య తోలు పదునుపెట్టువాడు. బసవన్న ఈ మాటలను అలంకారమునకై వాడలేదు. కన్నడ భాషలో తండ్రికి ఎన్ని మాటలున్నవో అన్నిటిని వెదకి తెచ్చి, ఆ భక్తుల పాదములచెంత పెట్టెను. ఒకే తండ్రితో తృప్తిపడినవాడు కాడాయన. మాదార చెన్నయ్య కథను మన బసవపురాణమును చెప్పుచున్నది. శివుడు చోళరాజు నైవేద్యమును విడిచి, ఆ భక్తుని యింటి అంబలిని ఆరగించెనని ఆ కథ. అట్టివాడు బసవన్నకు అప్ప యైనాడు.

బసవపురాణమును ద్విపదలో రచించిన పాల్కురికి సోమనాథుడు మన తెలంగాణము వాడు. జనగామ జిల్లాలోని పాలకుర్తి ఆయన ఊరు. ఆయన తన గ్రంథమున తనను గూర్చి చెప్పుకొన్న రీతి గమనింపదగినది. విష్ణురామిదేవునికిని, శ్రియాదేవికిని ముద్దుల కుమారుడనని చెప్పెను. అంతటితో ఊరకుండక, గురులింగతందెకు తనూజుడననియు చెప్పెను. తందె యనగా తండ్రి యని ముందే చెప్పబడెను. తనూజుడనగా దేహమునుండి పుట్టినవాడు. గురువుకు శిష్యుడనని చెప్పిన చాలును గదా! కాని దీక్షలో గురువు తన హస్తమును శిష్యుని శిరస్సున నుంచి, ఇష్టలింగమును కరతలమున నుంచినప్పుడు శిష్యుడు మరల పుట్టుచున్నాడు. అందుచేతనే వానిని గురుకరసంజాతుడందురు. సోమనాథుడు ఒక తండ్రిని చెప్పుటకు రెండవవానిని దాచలేదు. రెండవవానిని కీర్తించుటకు మొదటివానిని తుడిచివేయలేదు. ఒకే పీఠికలో ఇద్దరికిని చోటు దొరికినది. ఒక పెండ్లి పత్రికలో దొరకదా?

ఆ పురాణముననే బెజ్జమహాదేవి కథ కలదు. శివునకు తల్లి లేదే యని ఆమె దుఃఖించి, తానే తల్లియై లాలించెను. శివుడు ఆ తల్లితనమును అంగీకరించెను. పుట్టుకయే లేని దేవునకు ప్రేమచేత తల్లి దొరకినప్పుడు, తండ్రిని పోగొట్టుకొన్న బిడ్డకు ప్రేమచేత తండ్రి దొరకుట తప్పెట్లగును?

ఇంతవరకును విని, పెదనాయిన మెల్లగా నోరు విప్పెను. "అయ్యగారూ, పేరు సంగతి సరే. వియ్యంకుడు ఎవరైతరు? ఇద్దరు కారు గద."

అయ్యవారు నవ్విరి. వియ్యంకుడు అను మాటయే ఇద్దరిని గూర్చినది. వియ్యము వివాహ శబ్దమునకు వికృతి యని పెద్దలు చెప్పుదురు. మరాఠీలో వ్యాహి యను మాట దీనికి చుట్టమే. ఒకని కొడుకు, ఒకని కూతురు ఒకటైనప్పుడు ఆ యిద్దరు తండ్రులకు పరస్పరము కలుగు సంబంధమునకు పేరిది. ఒంటరిగా ఎవడును వియ్యంకుడు కానేరడు. ఇంతటి పంచుకొను మాటను పట్టుకొని "నేనొక్కడనే" యనుట ఎట్లు? కయ్యమునకైనను వియ్యమునకైనను సమానుడు కావలెనని లోకోక్తి. ఆ సమానత్వ మెట్టిదో చూపుటకు కళ్యాణమున ఇద్దరు తండ్రులు ప్రాణములకు తెగించిరని శరణ సంప్రదాయము. చెప్పులు కుట్టు హరళయ్య కొడుకునకు బ్రాహ్మణుడగు మధువరసు తన కూతురునిచ్చెను. ఇద్దరును వియ్యంకులైరి. బిజ్జలుడు ఇద్దరికిని ఒకే దండన విధించెను. ఈ వివాహ వృత్తాంతమును తరువాతి కన్నడ కృతులు విస్తరించినవి. పాల్కురికి వారి కన్నులు పెరికించిన దారుణమును మాత్రము చెప్పెను. కులము వేరైన ఇద్దరు తండ్రులు ఒక వియ్యములో ఒదిగిరి. ఒకే బిడ్డను ప్రేమించిన ఇద్దరు ఒదుగలేరా?

"అప్పా! నీవు ఇచ్చటికి ఎట్లు వచ్చితివి?" అని అయ్యవారు అడిగిరి.

"బస్సు మీద మియాపూరు దాక వచ్చి, ఆడ మెట్రో ఎక్కిన."

2018 సెప్టెంబరు 24 నుండి మెట్రో రైలు అమీర్‌పేట దాటి ఎల్.బి. నగర్ దాక వచ్చుచున్నది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి దాటిన పిమ్మట, ఎల్.బి. నగర్ రాకముందు ఒక స్టేషను కలదు. దాని పేరు విక్టోరియా మెమోరియల్. నిత్యము వేలమంది ఆ పేరును వినుచు పోవుచున్నారు. అదేమని తలచువారు కొద్దిమంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలమున, 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో, సరూర్‌నగరులోని రాజభవనమొకటి అనాథ బాలలకు ఆశ్రయముగా నీయబడినది. అదియే విక్టోరియా మెమోరియల్ హోము. రాజు విడిది చేయవలసిన మేడలో తండ్రిలేని పిల్లలు పండుకొని, చదువుకొని, పెద్దవారైరి. వారికి అన్నము వడ్డించినవారు, అక్షరములు దిద్దించినవారు, రాత్రి దీపము తగ్గించి తలుపు మూసినవారు అందరును తండ్రి పనిని కొంత కొంత పంచుకొనిరి.

"ఆ స్టేషను మీదుగా వచ్చితివి గదా. నీ తమ్ముడు పోయినప్పుడు ఈ బిడ్డకు అట్టి ఆశ్రయమే గతియై యుండెడిది. ఈ బిడ్డ అక్కడికి పోవలసిన పని లేకుండ చేసినవాడు ఆ గడప దగ్గర కూర్చున్నాడు" అని అయ్యవారు ఊరకుండిరి.

అప్పుడు పిల్ల గదిలోనుండి వచ్చెను. చేతిలో పాత కాగితముల సంచి యున్నది. తన బడి దరఖాస్తులు తీసి పెదనాయిన ముందుంచెను. "చూడు పెదనాయినా. తండ్రి పేరు అని ఉన్న కాడ ఏం రాసిండో చూడు" అనెను. ప్రతి కాగితముమీదను తండ్రి పేరు గడిలో చనిపోయినవాని పేరు బాపు చేతివ్రాతతో నుండెను. కొన్నిటిమీద బండి నూనె మరకలు పడియున్నవి. తన పేరు వ్రాసికొనుమని ఇల్లాలు ఒకనాడు చెప్పినప్పుడు, "ఆయన పేరు మాసిపోవద్దు. పిల్లకు గదొక్కటే మిగిలింది" అని బాపు అన్నాడట. ఆ సంగతి పిల్ల చెప్పగా పెదనాయిన కాగితములను మరల మరల త్రిప్పి చూచెను. తన తమ్ముని పేరును పదియేండ్లకు పైగా బ్రతికించిన చేయి ఎవరిదో ఆయనకు అప్పుడు తెలిసినది. లేచి గడప దగ్గరకు పోయి, "తమ్మీ, లే. లోపలికొచ్చి కూసో" అనెను. అంతవరకు ఆయనను 'ఆ మేస్త్రీ' అనియే చెప్పుచుండినవాడు, మొదటిసారి తమ్మీ అనెను.

పత్రిక మరల వ్రాయబడినది. మొదట లింగైక్యుడైన తండ్రి పేరు. దాని క్రింద, పెంచిన తండ్రి యని బాపు పేరు. ఆ ప్రక్కనే పెదతండ్రి పేరు. మూడు పేర్లకును ఒకే యచ్చు, ఒకే పరిమాణము. పెండ్లినాడు ఎదుర్కోలు దగ్గర మగపెండ్లివారు రాగానే, పెదనాయినయే బాపు భుజముమీద చేయివేసి ముందుకు నడిపెను. వియ్యంకునికి మొదట గంధము పూసినది బాపు. తరువాత పూసినది పెదనాయిన. తాండూరువారికి అందు వింతయేమియు కనబడలేదు.

శరణ బంధువులారా! ఈ ముచ్చటవలన గ్రహింపవలసిన దేమి? తండ్రి యనునది ఒకని సొత్తు కాదు. పలువురు పంచుకొను కాయకము. పంచుకొన్నచో తరుగునది కాదు. తెలుగువారు తమ పసిబిడ్డను సైతము ముద్దుగా "నాయనా, అయ్యా, తండ్రీ" అని పిలుతురు. సంస్కృతమున తాత యను మాటయు ఇట్టిదే. తండ్రిని పిలుచుటకును, కొడుకును లాలించుటకును చెల్లును. నేడు లాలింపబడువాడే రేపు మోయవలసినవాడని పిలుపులోనే నేర్పుట కాబోలు.

మఠములు ఈ సత్యమును ఆచరించి చూపినవి. తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమార స్వాములు 1907లో జన్మించి, 2019 జనవరి 21న, 111 యేండ్ల వయసున లింగైక్యులైరి. సన్యాసి యగుటచే వారికి సంతానము లేదు. అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహముచేత వేలకొలది బాలురను, కులమతములడుగక పెంచిరి. సంతానము లేని ఆ సన్యాసికి ఎందరు బిడ్డలు!

ప్రతి మఠమునకు ఇంతటి శక్తి యుండకపోవచ్చును. ప్రతి యింటికి మాత్రము ఒక చిన్న పని కలదు. బంధువులలో తండ్రిలేని బిడ్డ యున్నచో, పెదనాయిన, చిన్నాయిన అను పిలుపును అందుకొన్నవారు ఆ మాటలోని నాయినను మరువరాదు. ఫీజు కట్టు దినమున, జ్వరము వచ్చిన రాత్రి ఆ మాటను నిజము చేయవలయును. మారుమనువు చేసికొన్న తల్లిని చిన్నచూపు చూడరాదు. పరాయి బిడ్డను తన బిడ్డగా సాకినవానిని గడప దగ్గర కూర్చుండబెట్టరాదు. దీక్షకైనను, పెండ్లికైనను పేర్లు చదువునపుడు కన్నవానిని తలచి, పెంచినవానిని పిలువవలయును. ఇట్లు చేసిన యింట బసవన్న నిలుచును.

అప్ప యను మాటను అంటరానివాడని లోకము త్రోసినవానికి సమర్పించిన మహానుభావుని బిడ్డలము మనము. ఆ మాటను పిసినితనముతో వాడుట మనకు తగదు.

శరణు శరణార్థి.